డోర్నకల్ మీదికి జహాజులు

మానుకోట బజారులో గుడ్డల సేటు హీరాలాల్‌ను వనమాల మాటలతో గెలిచిన తీరు అనసూయ కళ్లారా చూసింది. చెల్లెలి బిడ్డ అచ్చం తన పోలికేనని పొంగిపోయింది.

వనమాలది జనగామ. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడితే జెండా పట్టుకొని ఊరేగిన పిల్ల. పొద్దున జనగామలో అన్న మాట సాయంత్రం మానుకోట చేరేసరికి ముక్కూమొహం మార్చుకోవడం అప్పుడే కనిపెట్టింది. ఆ విడ్డూరమే నెత్తికెక్కి, పెద్దయ్యాక వరంగల్‌లో పరిశోధనకు కూర్చుంది. యుద్ధం వస్తే పుకార్లు ఎవరు పుట్టిస్తారు, శత్రువు మన చెవుల్లో ఎట్లా దూరతాడు, దేశాన్ని కాచే సర్కారు దానికేం చేయాలి అన్నది ఆమె పట్టిన విషయం.

పరిశోధన అన్న మాటే కొంప ముంచింది. డిటెక్టివ్ నవలలు చదివిన బజారంతా ఆమెను సీఐడీ అనుకుంది.

"నాకు రేడియోనే లేకుండె బేటీ," అన్నాడు సేటు. "లడాయి అయిందని గూడ ఎరుకలేదు."

"మంచిదే సేటూ," వనమాల గొంతు పెంచింది. "మానుకోట బజార్ల మొదటి రేడియో ఎదురుంగ రామచందర్ దుకాణంలదని రాసుకుంట."

"ఎవడన్నడు?" సేటు గద్దె మీంచి ఎగిరి దుమికాడు. "వాడు కొన్నది నాది చూసి! లడాయి నాడు బజారంత నా దుకాణం ముంగటనే ఉండె!"

"గట్ల తొవ్వకు రా. మరి డోర్నకల్ మీద బాంబులేస్తమని అన్నది నీ రేడియోలనేనా?"

డెబ్బై ఒకటి యుద్ధంలో పక్కనున్న రైలు జంక్షన్ డోర్నకల్‌ను శత్రువు రేడియో అట్లా బెదిరించిందని మానుకోట మానుకోటంతా నమ్మింది. ఆ కబురు కాటారం చేరేసరికి బాంబులు పడనే పడ్డాయి. కబురులోని జహాజులంటే విమానాలని తెలియక, కాళేశ్వరంలో ఓడలనుకొని జనం గోదావరి ఒడ్డున నిలబడి యుద్ధనౌకల కోసం మెడలు సాచారు.

"ఏం బాంబులు బేటీ! గది మన రేడియోల ఉర్దూ నాటకం. సిపాయి పెండ్లానికి ధైర్యం చెప్తుండు. 'డరో నా! కల్ హమారే జహాజ్ ఆయేంగే' అన్నడు. భయపడకు, రేపు మన విమానాలొస్తయ్ అని. రేడియో గరగరల 'డరో నా కల్' పోయి డోర్నకల్ అయింది, డోర్నకల్‌కు మా జహాజులొస్తయని దుష్మన్ అన్నట్టయింది!"

వనమాల గుడ్డల తాన్ల మీద పడి పడి నవ్వింది. అనసూయ మాత్రం నవ్వలేదు. ఆనాడు ఆ దుకాణంలో రవికె గుడ్డ వదిలేసి, డోర్నకల్ పోయిందని అరుస్తూ పరుగెత్తింది తనే. శత్రువు కుట్రను విని వాడకట్టును కాపాడిన మనిషిగా ఎనిమిదేండ్లుగా పేరు. పక్కింటి సునంద ఇప్పటికీ "రేడియో అక్కా" అనే పిలుస్తుంది.

"సేటుకు చెవుడు," ఇంటికి రాగానే తేల్చేసింది. "నేను విన్నది డోర్నకలే."

వనమాల ముఖం చిన్నబోయింది. ఆమె గురువు జగన్మోహన్ అది ముమ్మాటికీ శత్రువు పన్నాగమేనంటున్నాడు. సేటు ఒక్కడి మాట చెల్లదట. విని పరుగెత్తిన మనిషిని కూడా పెద్దసార్ల ముందు నిలబెట్టకపోతే పట్టా రాదు.

"పెద్దమ్మా, నువ్వు వరంగల్ రావాలె."

"నన్ను నలుగుట్ల నవ్వులపాలు చేస్తవానే? ఎనిమిదేండ్ల ఇజ్జత్!"

"తప్పు విన్ననని ఎవలు చెప్పమన్నరే? నీకు డోర్నకలే ఇనవడ్డది. నాకు గదే కావాలె. శత్రువు రాకున్నా మన భయమే మన చెవుల దూరుతదని నేను రాసిన. సేటు గా నాటకం మాట అంటడు. నువ్వు ఆనాడు బజార్ల ఎట్ల ఒర్లినవో, సార్ల ముంగట గట్లనే ఒర్లాలె. కిటికీలు అదరాలె, పెద్దమ్మా!"