పట్టుపురుగుల గదిలో పీయూసీ

ఆ రోజుల్లో చదువుకీ సుఖానికీ పడదని పెద్దవాళ్లందరూ గట్టిగా నమ్మేవారు. మెత్తగా కూర్చుంటే బుద్ధి మొద్దుబారుతుందని, వెచ్చగా కప్పుకుంటే ఆ మనిషి ఇక దేనికీ పనికిరాడని ఒక తీర్మానానికి వచ్చేసి ఉండేవారు. ఈ మతానికి మా కేజీఎఫ్‌లో పీఠాధిపతి మా నాన్న. బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక దొరలు ఒక్కొక్కరే బంగళాలు ఖాళీ చేసి పోతూ సామాన్లు వేలం వేశారు. టైమాఫీసులో నాన్నతో పనిచేసేవాళ్లలో ఒకాయన సోఫా తెచ్చుకున్నాడు, ఒకాయన ఊగే కుర్చీ తెచ్చుకున్నాడు, ఇంకొకాయన స్నానాల తొట్టి తెచ్చుకున్నాడు (దాంట్లో ఆయన జీవితాంతం రాగులు పోసుకున్నాడు). మా నాన్న మాత్రం అన్నీ చూసి చూసి, వీపు ఆనించే వీలు లేని ఒక టేకు స్టూలు తెచ్చుకున్నాడు. నన్ను దాని మీద కూర్చోబెట్టి చదివించాలని అక్కడికక్కడే సంకల్పం చేసుకున్నాడట. అప్పటికి నాకు అక్షరాలు కూడా సరిగ్గా రావు.

ఆ స్టూలు మీదే పెరిగి పెద్దవాణ్ణయి, పీయూసీలో ఫిజిక్సు తప్పాను. నాన్న పద్ధతిలో లోపమేమీ లేదు. తెల్లవారుజామున గని కూత కూయకముందే నన్ను లేపి, కళ్లలో చన్నీళ్లు కొట్టి, వరండాలో స్టూలు వేసి, వీధి వీధంతా వినబడేటట్టు చదవమనేవాడు. డిసెంబరు గాలి గని మట్టి పోసిన సైనైడు దిబ్బల మీదుగా వచ్చి నేరుగా నా చొక్కాలోకి దూరేది. నా ధ్యాసంతా వీపు మీద ఉండేది, వీపు మీద లేనప్పుడు కాళ్ల మీద ఉండేది. పక్కింటావిడకు కాంతి వక్రీభవన సూత్రాలు నోటికి వచ్చేశాయి గానీ నాకు రాలేదు. పరీక్ష ఆవిడ రాసి ఉంటే ఫస్టు క్లాసు వచ్చేదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

తప్పిన రోజు నాన్న కేకలేమీ వేయలేదు. "ఇంగొక తూరి రాయి. ఈసారి తప్పితే లోపలికి దిగిపో" అన్నాడు. మా ఊళ్లో లోపలికి దిగడమంటే అర్థం ఒక్కటే. ఇనుప బోనులాంటి లిఫ్టులో నిలబడి భూమి అడుగుకు పోవడం. దేవుడి గదిలో దీపం ఆరిపోతేనే అమ్మను పిలిచేవాణ్ణి నేను. నాన్న అప్పుడే ఒక మేస్త్రీతో మాట్లాడి కూడా పెట్టాడని తెలిశాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. ఇంతకీ నా చదువు చెడడానికి కారణం రాబర్ట్‌సన్‌పేట సినిమా హాళ్లని నాన్న నిర్ణయించి, పరీక్షల దాకా బూదికోటలో ఉన్న వాళ్ల అక్క ఇంటికి నన్ను పంపేశాడు. నాతోబాటు స్టూలునూ బస్సు మీదికెక్కించాడు. కండక్టరు దానికి కూడా టికెట్టు కొట్టాడు.

మా మేనత్త పట్టుపురుగులు పెంచేది. ఆ ఇంట్లో ఉన్న ఒక్క మంచి గదీ పురుగులదే. మామయ్య పడసాలలో పాతచీర కప్పుకుని ముడుచుకు పడుకునేవాడు, కొత్త కంబళి మాత్రం పురుగుల గది కిటికీకి కట్టి ఉండేది. అత్త నన్ను చూసి సంతోషించింది గానీ, స్టూలును చూసి ఇంకా ఎక్కువ సంతోషించింది. "ఎత్తు సరిగ్గా ఉండాదే" అని దాన్ని లోపలికి తీసుకుపోయి పురుగుల తట్ట ఒకటి దాని మీద పెట్టేసింది. నాకు గడ్డి కుక్కిన గోనెసంచి ఒకటి గోడవారగా వేసి, కిటికీ కంబళి విప్పి ఒళ్లంతా చుట్టింది. ఇంత మర్యాద దేనికా అనుకుంటూ ఉండగానే నా ఉద్యోగమేమిటో చెప్పింది.

"నీకు చలిగా ఉంటే పురుక్కీ చలేనప్పా. నీకు చెమట పడితే దానికీ ఉక్క. నువ్వు ఊరికే ఈడ కూర్చోని చదువుకుంటా ఉండు, నేను వచ్చి అడుగుతా ఉంటాను. ఇంగ ఆ నూనె, పౌడరు పూసుకోని మాత్రం లోపలికి రావద్దు, చచ్చిపోతాయి."

అలా నేను ఆ ఇంట్లో థర్మామీటరుగా చేరాను. రాబర్ట్‌సన్‌పేటలో ఎంతో శ్రమపడి ముందుకు పెంచుకున్న నా క్రాపు నూనె లేక చీపురులా లేచింది. అత్త పనుల మధ్యలో తల లోపలికి పెట్టి "ఎట్లుండాదప్పా?" అనేది. కొంచెం చలి అంటే, బొగ్గులు బయటే పొగపోయేదాకా రాజేసి కుంపటి తెచ్చి పెట్టేది. పురుగులకు రేష్మె ఆకు వేయడానికి వచ్చినప్పుడల్లా నాకు ఒక లోటా వేడి రాగి గంజి చేతికిచ్చేది. పురుగులు పైన ఆకు తినేవి, నేను కింద గంజి తాగేవాణ్ణి.

పురుగు చర్మం మార్చుకునే ముందు తిండి మాని, తల ఎత్తి కదలకుండా నిద్రపోతుంది. దాన్ని అక్కడ జ్వరమంటారు. ఆ జ్వరాల్లో గదిలో చప్పుడు చేయకూడదని అత్త శాసనం. కనుక నోరు మూసుకుని చదవాల్సి వచ్చింది. నోరు మూసుకుని చదివితే అర్థం కూడా అవుతుందని అప్పుడే తెలిసింది నాకు. వీపుకు గోడ ఉంది, కాళ్లకు కంబళి ఉంది, కడుపులో గంజి ఉంది. ఒంటికి అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. చేసేది లేక మనసు పుస్తకంలోకి పోయింది. లెన్సులు, అద్దాలు, అయస్కాంతాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి బుద్ధిగా కూర్చున్నాయి.

జనవరిలో ఒక ముసురు పట్టిన ఆదివారం నాన్న చెప్పకుండా దిగాడు. తలుపు తీసేసరికి నేను మెడ దాకా కంబళి కప్పుకుని, కాళ్ల దగ్గర కుంపటి పెట్టుకుని గంజి తాగుతున్నాను.

"ఇది చదువాక్కా? స్టూలు యాడ?" అన్నాడు.

"మూడో జ్వరంలో ఉండాయిరా, దాన్ని కదిలించేకి లేదు. మెల్లగా మాట్లాడు" అంది అత్త.

నాన్న నన్ను గుసగుసగా తిట్టాడు. గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో ఆయన ముఖం చూస్తే తెలిసింది. తర్వాత నా పుస్తకం లాక్కుని, వేరే ఆసనమేదీ లేనందువల్ల నా పక్కనే గోనెసంచి మీద కూర్చుని ప్రశ్నలు వేశాడు. మొదటిదానికి జవాబు చెప్పాను. నాన్న దాన్ని పుస్తకంలో మాట మాటా సరిచూసుకుని, అనుమానంగా రెండోది అడిగాడు. అదీ చెప్పాను. మూడో ప్రశ్న సగంలో ఆగిపోయింది. తల తిప్పి చూస్తే నాన్న గోడకు ఆనుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతున్నాడు. అత్త వచ్చి, నా మీద కంబళి తీసి ఆయనకు కప్పింది. ఆయన మర్నాడు పొద్దెక్కాక లేచాడు. నాన్న టైమాఫీసుకు టైముకు పోని రోజు ఆయన సర్వీసులో అదొక్కటే. రాగానే ఇచ్చిన మజ్జిగలో ఏమైనా కలిపినారా అని అత్తను కాసేపు అనుమానించి, బస్సెక్కే ముందు మాత్రం "బొగ్గులు సరిపోతాయా, పంపించాల్నా?" అని అడిగి పోయాడు. స్టూలు మాట ఎత్తలేదు.

పరీక్ష ఏప్రిల్లో కోలారులో. హాల్లో వీపు ఆనని బెంచీ, తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. ప్రశ్నపత్రం చూడగానే ధ్యాసంతా వీపు మీదికి పోయింది. ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. లిఫ్టు బోను కళ్ల ముందు కనబడింది. ముందు రాత్రి చుట్టాలింట్లో పడుకోవడానికి తెచ్చుకున్న కంబళి గుమ్మం దగ్గర సంచిలో ఉంది. అడిగి తెచ్చుకుని నిండా కప్పుకున్నాను. సూపర్‌వైజరు వచ్చి, ఎండాకాలంలో ఇదేమప్పా అన్నాడు. జ్వరం సార్ అన్నాను (ఎన్నోదో చెప్పలేదు). ఆయన కంబళి లాగి దులిపాడు. ఎండిన రేష్మె ఆకు ఒకటి రాలింది. దాన్ని రెండు వైపులా తిప్పి, మీద ఏమైనా రాసి ఉందేమోనని వెలుతురుకు పెట్టి చూసి, నా జేబులోనే పెట్టి, అంటుకుంటుందని కాబోలు దూరంగా పోయి నిలబడ్డాడు. ఆ తర్వాత చెమట కాగితం మీద పడకుండా తుడుచుకోవడమే కష్టమైంది గానీ, రాయడం కష్టం కాలేదు.

పాసయ్యాను. లోపలికి దిగలేదు. నాన్న రిటైరయ్యాక మా ఇంట్లో గోడవారగా ఒక గోనెసంచి వెలిసింది. దాని మీద కళ్లు మూసుకుని ఆయన రోజూ పేపరు చదివేవాడు.

మొన్న బెంగుళూరులో మా అమ్మాయి ఇంటికి పోతే, పసుపుపచ్చటి దీపాలు, కొవ్వొత్తులు, నాకొక జత ఉన్ని మేజోళ్లు తెచ్చి పెట్టింది. డెన్మార్కులో ఇలా హాయిగా కూర్చుని పని చేస్తారట, అందుకే పని బాగా సాగుతుందట, వాళ్ల ఆఫీసులో తరగతులు పెట్టి మరీ చెప్పారట. నేను మొదటిసారి వింటున్నట్టే విన్నాను. నాకు మాత్రం వేరే ఒక రోజు గుర్తుకొచ్చింది. శివరాత్రి ఇంకా రాలేదు, వాన పడి చలి తిరగబెట్టింది. అత్త పంట అప్పటికే తీసేసింది, పట్టుగూళ్లు మార్కెట్టుకు పోయాయి, కడిగిన తట్టలు గోడకు ఆనించి ఉన్నాయి. నేను అలవాటుగా అక్కడే కూర్చుని చదువుతున్నాను. అత్త కుంపటి తెచ్చి పెట్టి, గడప దగ్గర నిలబడి "ఎట్లుండాదప్పా?" అంది. పురుగులు లేవు గదత్తా అన్నాను. అత్త ఖాళీ తట్టల వైపు ఒకసారి చూసి, "బొగ్గులు మిగిలిండాయిలే" అని వెళ్లిపోయింది. బొగ్గులు వృథా కాకూడదని కాబోలనుకుని నేను మళ్లీ పుస్తకంలో పడ్డాను. నాకు ఆ వయసులో తెలిసింది అంతే.

మేజోళ్లు తొడుక్కున్నాక మా అమ్మాయి "ఎలా ఉంది నాన్నా?" అని అడిగింది.

"సరిగ్గా ఉండాది" అన్నాను, గడప వైపు చూస్తూ.