పడవ లేని కట్ట

పాలవాడు నవ్వితే పాలలో నీళ్ళు కలిపాడనీ, నవ్వకపోతే నిన్న కలిపినందుకు మొహం చెల్లక నవ్వట్లేదనీ అనుకునే మనిషి భూతద్దం. కళ్ళజోళ్ళ దుకాణంలో తోటివాళ్ళు పెట్టిన పేరది. అద్దం మీద వెంట్రుకవాసి గీత ఉన్నా పట్టేస్తుందని మొదట్లో మెచ్చుకోలుగానే అన్నారు. మనుషులను కూడా అలాగే వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తుందని తెలిశాక మెచ్చుకోలు తీసేసి పేరు మాత్రం ఉంచారు. ఆవిడేమీ చిన్నబుచ్చుకోలేదు. పైగా ఎవరైనా అక్కా అని మర్యాదగా పిలిస్తేనే, వీళ్ళకు నాతో ఏం పని పడిందో అని ఆరా తీసేది.

పుట్టుకతో వచ్చిన గుణం కాదది. తల్లి పోయేనాటికి చెల్లెలు ఇంకా తన జడ తాను వేసుకోలేని పిల్ల. ఆ పిల్లను సాకుతూ, దుకాణంలో అద్దాలు అరగదీయడం నేర్చుకుంటూ, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా బతికింది. పెళ్ళి కూడా అయింది. ఒకరోజు మొగుడు సరుకు తెస్తానని సంచీ భుజాన వేసుకుని బయలుదేరాడు. గుమ్మం దాకా సాగనంపి సంచీ అందించింది ఆవిడే. మామూలు కంటే బరువుగా ఉందని చేతికి తెలిసింది, కానీ అడగలేదు. అతను మళ్ళీ రాలేదు. ఆ ఒక్కరోజు అడగని పాపానికి, ఆ తర్వాత కనిపించిన ప్రతివాడినీ అడగడం మొదలుపెట్టింది.

ఇంట్లో మిగిలింది అక్కాచెల్లెళ్ళిద్దరే. సైకిళ్ళ కొట్టు మీద రెండు గదులు, ఒకే కిటికీ. చెల్లెలు బేకరీలో కేకుల మీద పూలు దిద్దుతుంది. ఆ పిల్ల చేతిలో క్రీము గులాబీ రేకులు విప్పుకుంటుంటే కొనడానికి వచ్చినవాళ్ళు కొనడం మరిచిపోయి నిలబడేవాళ్ళు. అలాంటి చెల్లెలికి బేకరీ యజమానురాలు ఒక మాట చెప్పింది. రేవు పట్నంలో కొత్త శాఖ తెరుస్తున్నాం, అది నువ్వే చూసుకోవాలి, సోమవారం లోపల వస్తావో రావో చెప్పు అని. రేవు పట్నమంటే రైలులో ఒక పగలంతా ప్రయాణం. వెళితే అక్కడే ఉండిపోవాలి.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ భూతద్దానికి అన్నం సహించలేదు. చెల్లెలు వెళ్ళిపోతే ఆ రెండు గదుల్లో తానొక్కతే మిగులుతుంది. భయమేసింది. కానీ భయమని ఒప్పుకునే అలవాటు లేదు కనుక దాన్ని కూడా అనుమానంగానే మార్చుకుంది.

"ఇంతమంది ఉండగా నిన్నే ఎందుకు పంపుతోంది? ఇందులో ఏదో మెలిక ఉంది."

"పని బాగా చేస్తానట అక్కా."

"అదే. మరీ పొగిడిందంటేనే తెలుసుకోవాలి."

చెల్లెలు వాదించలేదు. రెండు రోజులు అటూ ఇటూ తేల్చుకోలేక కొట్టుకుని, చివరికి అక్క ఎదుట కూర్చుని అసలు సంగతి బయటపెట్టింది. బేకరీలో ఒకమ్మాయి దగ్గర ఒరాకిల్ కార్డులని ఉన్నాయట. పేకముక్కల్లాంటివే, కాకపోతే ఆటకు కాదు. ఒక్కో ముక్క మీద ఒక బొమ్మ, కింద ఒక మాట. మనసులో ప్రశ్న అనుకుని ఒక ముక్క తీసి, దాని మీద ఉన్న మాటతో ఆలోచించుకోవాలట. అయితే ఒకరి కార్డుల కట్ట ఇంకొకరికి పనికిరాదు, ఎవరికి నప్పేది వాళ్ళే ఎంచుకోవాలట.

"నాకు ఎంచుకోవడం చేతకాదు. నువ్వు కూడా రా అక్కా."

చెవిలో పువ్వు పెట్టడానికి ఇంకెవరూ దొరకలేదా అందామనుకుంది భూతద్దం. అని ఊరుకుంటే ఈ పిల్ల ఒక్కతే వెళ్ళి ఎవరి వలలోనో పడుతుంది. కాబట్టి చెప్పులు వేసుకుంది.

కార్డులు అమ్మే కొట్టు ఒక మేడ వెనకవైపు గది. కొట్టావిడకు నెరిసిన జుట్టు, పొట్టి కుర్చీ, మెత్తని గొంతు. ఆ గొంతు వినగానే ఇది నేర్చుకున్న మెత్తదనమేనని భూతద్దం తీర్మానించేసింది. బల్ల మీద నమూనా కట్టలు విప్పి పెట్టి ఉన్నాయి, కొనేవాళ్ళకు మాత్రం అచ్చం అలాంటివే సీలు విప్పనివి ఇస్తారు.

"తొందరేం లేదమ్మా. బొమ్మలు చూడండి, మాటలు చదవండి," అంది కొట్టావిడ. "కొన్ని కట్టలు బుజ్జగిస్తాయి, కొన్ని గదమాయిస్తాయి. ఎవరు చెబితే వింటారో మీకే తెలుస్తుంది. ముక్కలు మీ చేతిలో పట్టాలి కూడా. మరీ పెద్దవైతే కలపలేరు."

"జరగబోయేది చెబుతాయా ఇవి?" భూతద్దం సూటిగా అడిగింది.

"చెప్పవమ్మా. అట్టముక్కలకేం తెలుసు? మన మనసులో ఉన్నది పైకి తేవడానికి ఒక వంక, అంతే."

భూతద్దానికి ఇది మింగుడుపడలేదు. బుకాయిస్తుందనుకుంటే నిజం చెప్పింది. నిజం చెప్పి అమ్మేవాళ్ళు మరీ ప్రమాదమని మనసులో ఇంకో గీత గీసుకుంది.

చెల్లెలు మాత్రం బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కో కట్టనూ పట్టుకుని చూస్తోంది. ఒకటి చల్లగా ఉందంది, ఒకటి తనను చూసి నవ్వుతోందంది. అక్కకు ఒళ్ళు మండిపోయింది. దుకాణంలో చూపు పరీక్షించేటప్పుడు ఆవిడకో పద్ధతి ఉంది. ఇదా, ఇదా, ఏది స్పష్టంగా ఉంది అని అద్దాలు మార్చి అడుగుతూ, మధ్యలో చడీచప్పుడు లేకుండా ఒకే అద్దాన్ని రెండుసార్లు పెడుతుంది. రెండూ ఒకటేనన్నవాళ్ళ మాట నమ్ముతుంది. రెండోదే బాగుందన్నవాళ్ళు తనను మెప్పించడానికి చెబుతున్నారని పట్టేసుకుంటుంది. ఇప్పుడు చెల్లెలి మీద అదే ప్రయోగించింది.

"కళ్ళు మూసుకో. చేతిలో పెడతాను. ఏది నీదో చెప్పు."

ఒక కట్ట పెట్టి, తీసి, కాసేపాగి మళ్ళీ దాన్నే పెట్టింది.

"రెండోది! రెండోది వెచ్చగా ఉందక్కా. ఇదే."

"రెండూ ఒకటే."

కళ్ళు తెరిచిన చెల్లెలి మొహం చిన్నబోయింది. గెలిచినందుకు భూతద్దానికి కలగాల్సినంత సంతోషం కలగలేదు కానీ వెనక్కి తగ్గలేదు.

"అయితే నువ్వే ఎంచిపెట్టు," అంది చెల్లెలు. "నీ కళ్ళకు ఏదీ తప్పించుకోదుగా."

అప్పుడు మొదలైంది అసలు ఎంపిక. భూతద్దం కుర్చీ లాక్కుని కూర్చుని కట్టలన్నీ ముక్కముక్కా చదివింది. సముద్రపు పక్షుల కట్ట నిండా ఎగురు, దాటు, వదిలిపెట్టు అనే మాటలే. పక్కన పెట్టేసింది. దారుల కట్ట పేరు చూసే పక్కన పెట్టేసింది. గుర్రాల కట్టను తాకనేలేదు. చివరికి ఇళ్ళ బొమ్మలున్న కట్ట ఒకటి దొరికింది. పొయ్యి, పిట్టగూడు, గోడ, వేళ్ళు తన్నిన చెట్టు, వేచి ఉండు, నిలుపుకో, నీడన ఉండు. అందులోనూ పాడు ముక్కలు లేకపోలేదు. తెరిచిన తలుపు ఒకటి, ఒడ్డు విడుస్తున్న పడవ ఒకటి, మరో రెండు. కానీ వెళ్ళమనే ముక్కలు అన్నిటికంటే తక్కువ ఉన్నది ఆ కట్టే.

"ఇదే నీకు నప్పుతుంది," అంది, ఏ మాత్రం తడబడకుండా.

సీలు విప్పని కట్ట ఇప్పించుకుని, డబ్బు కట్టి, బయటికి వస్తూనే చెల్లెలి చేతిలోంచి తీసుకుంది. ఇలాంటివాళ్ళు లోపల ముక్కలు తక్కువ పెట్టి అంటగడతారు, నేను చూసి రేపు సాయంత్రం ఇస్తానంది. మర్నాడు మధ్యాహ్నం దుకాణం వెనక అద్దాలు అరగదీసే గదిలో, అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు సీలు విప్పింది. తలుపు, పడవ, మిగతా రెండూ ఏరి, పాత కళ్ళజోడు పెట్టెలో వేసి సొరుగు అడుగున తోసేసింది. ఎవరో ముక్కలు తక్కువ పెడతారని అన్న మనిషి తానే తక్కువ చేస్తున్నానని ఆవిడకు తట్టకపోలేదు. తట్టింది. గుండె దడదడలాడింది కూడా. చెల్లెలి మంచికే కదా అని ఆ దడకు సర్దిచెప్పుకుంది.

సాయంత్రం కట్ట చెల్లెలి చేతికి వచ్చింది. ఆ పిల్ల మంచం మీద బాసింపట్టు వేసుకుని ముక్కలు కలిపి ఒకటి తీసింది. చెట్టు వచ్చింది. వేళ్ళు లోతుగా నేలలో దించి నిలబడమని రాసి ఉంది కింద.

"ఏమంటోంది?" అక్క ఏమీ ఎరగనట్టు అడిగింది.

"ఉండమంటోంది."

"మరి అదే అంటోంది, నేనేమన్నా చెప్పానా?"

తర్వాతి రోజు పిట్టగూడు వచ్చింది. ఆ మర్నాడు గోడ. ముక్క తీసిన ప్రతిసారీ చెల్లెలు కాసేపు చూసి, నెమ్మదిగా కట్టలో పెట్టేసేది, ఏమీ అనేది కాదు. పాలవాడి నవ్వునే నమ్మని భూతద్దం, మాటకారి అయిన చెల్లెలు ఇలా నోరు మెదపకపోవడాన్ని మాత్రం అనుమానించలేదు. కావలసింది జరుగుతున్నప్పుడు ఎంతటి కళ్ళకైనా మసక కమ్ముతుంది కాబోలు. ఆ మూడు రోజులూ కడుపునిండా తింది. దుకాణంలో ఒకతను కళ్ళజోడు పట్టుకుపోయి డబ్బు సాయంత్రం ఇస్తానంటే సరేనంది. తోటివాళ్ళు ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డారు.

ఆదివారం పొద్దున చెల్లెలు తలారబెట్టుకుంటూ కిటికీ దగ్గర నిలబడింది.

"మేడంకి చెప్పేశానక్కా."

"రానని చెప్పావా?"

"వస్తానని చెప్పాను. ఎల్లుండి రైలు."

"మరి ఆ కార్డులు... రోజూ ఉండమనే కదా వచ్చింది?"

చెల్లెలు వెనక్కి తిరిగింది. కోపంగా లేదు. కోపంగా ఉన్నా బాగుండేది.

"కొట్లో నువ్వు డబ్బు కడుతున్నప్పుడు, ఆ నమూనా కట్టలోంచి నేనొక ముక్క తీశాను. పడవ వచ్చింది. ఎంత బాగుందో, ఇంటికొచ్చాక మళ్ళీ చూసుకోవాలనుకున్నా. నువ్వు కట్ట తెచ్చిచ్చిన రోజు చూస్తే పడవ లేదు. ముందు నా కళ్ళే తప్పు చూశాయేమో అనుకున్నా. కానీ నీ పెంపకం కదా, ఊరుకోలేకపోయా. నువ్వు పాలకి కిందకి దిగినప్పుడు మంచం మీద అన్నీ పరిచాను. ఎక్కడికైనా వెళ్ళే ముక్క ఒక్కటి కూడా లేదు."

భూతద్దం నోరు తెరిచింది. కొట్టావిడ మోసం చేసిందనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెల్లెలి మొహం చూసి దాన్ని మింగేసింది.

"నేనే తీశాను," అంది.

"తెలుసు."

"అందుకా వెళ్తున్నావు? పడవ వచ్చిందనా?"

"పడవ వచ్చిన రోజు కూడా వెళ్ళకూడదనే అనుకున్నానక్కా. నువ్వొక్కదానివే అయిపోతావని. ఆ కార్డులు కొన్నది ఉండిపోవడానికి నాకొక సాకు దొరుకుతుందనే. పడవను దాచేశావని తెలిశాకే వెళ్ళాలనిపించింది. నన్ను వదిలి వెళ్ళొద్దే అని నోటితో ఒక్కసారి అనుంటే చచ్చినా కదిలేదాన్ని కాదు."

సైకిళ్ళ కొట్టులో ఎవరో చక్రానికి గాలి కొడుతున్నారు.

"ఇప్పుడంటే?"

"ఇప్పుడు వద్దక్కా."

పాలవాడి నవ్వును, మేడం పొగడ్తను, కొట్టావిడ నిజాన్ని కూడా తిప్పి తిప్పి చూసిన మనిషికి, చెల్లెలన్న ఆ ఒక్క మాటను తిప్పి చూడాలనిపించలేదు. ఉన్నదున్నట్టు నమ్మేసింది. నమ్మి, మంచం అంచున కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.