ఆరో అంకెకే లేచిన లింగమూర్తి

అంటే, లింగమూర్తికి పడ్డ ‘గుద్దుల దర్జీ’ అన్న పేరు విని మీరు వేరేగా అనుకునేరు. అతను జన్మలో ఎవరితోనూ తగాదా పడ్డవాడు కాదు. పక్క కొట్టువాడు చెత్తంతా ఊడ్చి ఇతని గుమ్మం ముందు పోసినా, తానే చీపురు తెచ్చుకుని ఎత్తిపోసేవాడు. నాందేడ్‌లో టాంగాలు ఆగే చోట అతని కొట్టు. లారీలకు టార్పాలిన్లు, టాంగాలకు పైకప్పులు కుట్టేవాడు. సొంత ఊరు దెగ్లూర్ దిక్కు. ఇంట్లో తెలుగు, గిరాకీలతో మరాఠీ, టాంగావాళ్ళతో హిందీ. ఏ భాషలోనైనా గొంతు పెంచడం మాత్రం రాదు.

ఫౌజులో తొమ్మిదేళ్ళు దర్జీగా పనిచేసి అరవై ఏడులో ఇంటికొచ్చాడు. బాక్సింగ్ అక్కడే అంటుకుంది. మొదట చినిగిపోయిన గ్లవుజులు కుట్టమని పిలిచారు. కుట్టినవాడు ఒకసారి చేతికి తొడిగి చూడకుండా ఉంటాడా? తొడిగాడు. సుబేదారు చూశాడు, బరిలోకి దింపాడు. మొత్తం నాలుగుసార్లు ఆడాడు, మూడుసార్లు ఓడాడు. గెలిచిన ఆ ఒక్కసారి కూడా ముందు వెల్లకిలా పడిపోయాడు. అంకెలు లెక్కపెట్టేవాడు తొమ్మిది అనే దాకా ఆకాశం చూస్తూ పడుకుని, అప్పుడు లేచి గెలిచాడు.

ఆ ఆటలో అతనికి నచ్చింది అదే. కొట్టడం కాదు, పడ్డవాడికి పది అంకెల గడువు ఇవ్వడం.

కొట్టు గోడకు పత్రికల్లో వచ్చిన బొమ్మలు మైదాపిండితో అంటించి ఉండేవి. జో లూయిస్, ఫ్రేజర్, ఫోర్‌మన్, అన్నిటికంటే ఎక్కువ మహమ్మద్ అలీ. టార్పాలిన్ కోసం వచ్చిన లారీ డ్రైవర్లు కూర్చుని ఉంటే, మిషన్ తొక్కుతూనే కథలు చెప్పేవాడు. అరవై మూడులో లండన్‌లో కూపర్ అనేవాడు అలీని ఒక్క ఎడమచేతి దెబ్బతో కింద పడేశాడనీ, లేచిన అలీ తరవాతి రౌండులోనే ఆట ముగించాడనీ చెప్పేవాడు. డెబ్భై ఒకటిలో ఫ్రేజర్ కొట్టిన దెబ్బకు చివరి రౌండులో మళ్ళీ పడ్డాడనీ, లేచాడుగానీ ఓడిపోయాడనీ చెప్పేవాడు. ఓడిపోయిన కథ చెప్పేటప్పుడు కూడా ‘లేచాడు’ అన్న మాట దగ్గర మిషన్ ఆపేవాడు.

ఆ వీధి చివర కుస్తీలు నేర్పే తాలింఖానా ఉంది. దాని వస్తాదు శంకర్రావు. నలభై ఏళ్ళుగా చుట్టుపక్కల జాతరల్లో కుస్తీలకు తీర్పు చెప్పే పెద్దమనిషి. చెవులు నలిగి ముద్దలైపోయి, మెడ అనేది లేకుండా ఉండేవాడు. లింగమూర్తి కొట్లో కూర్చుని చాయ తాగడం అతనికి రోజూ అలవాటు, లింగమూర్తి ఆటను వెక్కిరించడం కూడా.

“పడ్డంక మళ్ళ లేసుడేంది లింగమూర్తి? వీపుకు మన్ను అంటిందంటే అయిపాయె. మన్ను అబద్ధం చెప్తదా?”

“మన్ను అబద్ధం చెప్పది వస్తాద్. గాని మనిషి మాట గూడ ఇనాలె గదా.”

“మనిషి ఏం చెప్తడు, పండుకొని?”

“లేస్తా అంటడు.”

శంకర్రావు నవ్వి చాయ సాసర్లో పోసుకున్నాడు. “మీ అలీ తాడుకు ఆనుకొని ఏడు రౌండ్లు దెబ్బలు తిన్నడంటివి. మా గోదాల గట్ల జేస్తే ఆడోళ్ళు గూడ చెప్పులిసురుతరు.”

“తిని, ఎనిమిదో రౌండుల ఫోర్‌మన్‌ను పడగొట్టిండు. అది గూడ చెప్పిన, నువ్వు మరిచినవు.”

ఏళ్ళ తరబడి ఇదే వరస. లింగమూర్తికి ఒకటే కోరిక. తాలింఖానా వెనకాల రేకుల చావడి ఒకటి ఖాళీగా పడి ఉంది. అందులో గుద్దడానికి ఒక సంచి వేలాడదీసి, మిల్లు డ్యూటీ దిగిన మనుషులకు ఈ ఆట నేర్పాలి. అడగ్గా అడగ్గా, డెబ్భై అయిదులో శంకర్రావు ఒక మెట్టు దిగాడు. భోకర్ దారిలో ఒక ఊళ్ళో మార్గశిరంలో ఖండోబా జాతర జరుగుతుంది. కుస్తీలు అయ్యాక అక్కడ ఒక బాక్సింగ్ పోటీ పెట్టి చూడు, జనం మెచ్చితే చావడి నీది, అన్నాడు. మెచ్చకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తొద్దనీ అన్నాడు.

ఎదురు నిలబడడానికి మనిషి దొరికాడు. మాణిక్ అని, భోకర్‌వాడు, నాందేడ్ మిల్లు గేటు దగ్గర కాపలా. అతనూ ఫౌజులో ఉండి వచ్చినవాడే, అక్కడ కొంత ఆడినవాడే. లింగమూర్తి కంటే ఆరేళ్ళు చిన్న, చేతులు మోకాళ్ళ దాకా ఉంటాయి.

ఇక గ్లవుజులు కావాలి. అవి నాందేడ్‌లో దొరికేవి కావు. లింగమూర్తి సొంతంగా కుట్టడానికి కూర్చున్నాడు. పాత టాంగా సీట్ల తోలు దొరికింది. లోపల నింపడానికి గుర్రపు వెంట్రుకలే మంచివని సుబేదారు చెప్పింది గుర్తుంది. దాంతో టాంగావాళ్ళ వెంట పడ్డాడు. వాళ్ళు తోకల చివర్లు కత్తిరించి ఇచ్చారుగానీ ఊరికే ఇవ్వలేదు. “నీ గుద్దుల కోసం మా గుర్రానికి ఈగలు తోలుకునే తోక లేకుండ జేసినవు” అని దారిన పోతూ రోజూ అనేవాళ్ళు. ఆ వెంట్రుకలు కుంకుడుకాయ నీళ్ళలో ఉడకబెట్టి, మేడ మీద ఆరేశాడు.

వత్సల, అతని భార్య, మేడెక్కి చూసి దిగింది.

“మేడ మీద గుర్రాన్ని కడిగి ఎండేసినట్టున్నది. కూర పొయ్యి మీదున్నా గుర్రమే వాసనొస్తున్నది. నలభై దాటినోనివి, నీకిది అవసరమా?”

“ఒక్క జాతర ఆగు. చావడి దొరికినంక సామాన్లన్నీ ఆడనే పెడ్త.”

“దొరకకపోతే?”

లింగమూర్తి సూదిలో దారం ఎక్కిస్తున్నాడు.

నెలన్నర ఇద్దరూ పొద్దున్నే గోదావరి ఇసుకలో సాధన చేశారు. అప్పుడే మనీలాలో అలీకి, ఫ్రేజర్‌కి పద్నాలుగు రౌండ్లు నడిచిన పోటీ గురించి పత్రికల్లో వచ్చింది. ఆ ముక్క కత్తిరించి మాణిక్‌కి చదివి వినిపించాడు లింగమూర్తి. మాణిక్ విని, “మనం మూడు ఆడుదం అన్నా, పద్నాలుగు అంటే పెండ్లాలు రానియ్యరు” అన్నాడు.

నియమాలన్నీ శంకర్రావుకు పదిసార్లు చెప్పాడు. మూడు రౌండ్లు. బెల్టు కింద కొట్టకూడదు. పడితే అంకెలు లెక్కపెట్టాలి, పది లోపు లేస్తే ఆట నడుస్తుంది. లెక్కపెట్టేది వస్తాదే. శంకర్రావు తలూపాడు. ఒకసారి వేళ్ళు మడుస్తూ పది దాకా లెక్కపెట్టి చూపించాడు కూడా.

జాతర రోజు కుస్తీలన్నీ అయ్యాయి. కుస్తీకి అక్కడ ఒక వరస ఉంది. ఒకడి వీపు మన్నుకు తగలగానే వస్తాదు గెలిచినవాడి చెయ్యి పైకెత్తుతాడు. చెయ్యి లేవగానే డప్పులు మోగుతాయి. డప్పు మోగగానే గెలిచినవాడికి తలపాగా చుడతారు, పూజారి దేవుడి పసుపు తెచ్చి నెత్తిన చల్లుతాడు. పసుపు పడిందంటే ఇక ఆ తీర్పు మనుషులది కాదు. ఎవరూ దాన్ని కదపరు. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి, కన్నుమూసి తెరిచేలోపు జరిగిపోతాయి.

గోదాకు నాలుగు దిక్కులా గుంజలు పాతి తాడు కట్టారు. బనియన్లు, ఖాకీ నిక్కర్లు, చేతులకు గుమ్మడికాయల్లాంటి గ్లవుజులు. జనం ముందు నవ్వారు. మొదటి రౌండులో లింగమూర్తి ఎడమచేత్తో రెండుసార్లు మాణిక్ ముక్కు మీద తగిలించేసరికి నవ్వు ఆగింది. ‘అరె, దర్జీ కొడుతున్నడు’ అని ఒకరు, ‘తప్పించుకునుడు చూడు’ అని ఒకరు. తాళ్ళ దగ్గరికి జరిగారు. లింగమూర్తి ఆ మాటలు విన్నాడు. చావడి తలుపు సగం తెరుచుకున్నట్టే అనుకున్నాడు.

రెండో రౌండు మొదట్లో మాణిక్ కుడిచెయ్యి అతని దవడకు తగిలింది. పెద్ద దెబ్బ కాదు. కానీ కుస్తీల కోసం తవ్వి నూనె, మజ్జిగ కలిపిన మెత్తటి మన్ను అది, మడమ జారింది. వెల్లకిలా పడ్డాడు.

పడి ఉండి, అలవాటు ప్రకారం ఆకాశం చూస్తూ మనసులో లెక్కపెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఒళ్ళు బాగానే ఉంది, ఊపిరి పీల్చుకుని లేద్దాం అనుకున్నాడు. నాలుగు దగ్గర డప్పులు వినిపించాయి. అయిదు. ఆరో అంకెకు లేచి, చేతులు మొహం ముందు పెట్టుకుని నిలబడ్డాడు.

ఎదురుగా మాణిక్ చెయ్యి శంకర్రావు చేతిలో, గాల్లో ఉంది. తలపాగా చుడుతున్నారు. లింగమూర్తి చూస్తుండగానే పూజారి పిడికెడు పసుపు తెచ్చి మాణిక్ నెత్తిన పోశాడు. మాణిక్ మొహమంతా పసుపు, అందులోంచి రెండు కళ్ళు లింగమూర్తి వైపు చూస్తున్నాయి. దేవుడి పసుపు వద్దనడం అతని వల్ల కాలేదు. వద్దని అనగలిగినవాడు ఆ జాతరలో ఒక్కడూ లేడు.

“గంతేనా?” అన్నారు జనం. “తమలపాకు నమిలేలోపు అయిపాయె.”

లింగమూర్తి పళ్ళతో గ్లవుజు తాడు ముడి విప్పుకున్నాడు.

వారం తరవాత శంకర్రావు కొట్టుకొచ్చాడు. చాయ చెప్పినా కూర్చోలేదు.

“చెయ్యి దానంతట అదే లేసింది లింగమూర్తి. నలభై ఏండ్ల చెయ్యి. వీపు మన్నుకంటింది, అది లేసింది.”

“ఎరుకే వస్తాద్.”

“తిట్టు జర. నువ్వు తిట్టకపోతే నాకు మంచిగనిపిస్తలేదు.”

“తిట్టి ఏం జేస్త? కూసో, చాయ సల్లారుతది.”

కూర్చున్నాడు. సాసర్ చేతిలో పెట్టుకుని చాలాసేపు తాగలేదు. తాలింఖానా పెద్దలు చావడి విషయం ఇక ఎత్తొద్దన్నారని చెప్పాడు. ఒకటే దారి ఉందనీ చెప్పాడు. పసుపు పడ్డ కుస్తీ మళ్ళీ పెట్టాలంటే, గెలిచినవాడే గోదా ముందుకొచ్చి, ఆ గెలుపు నాకు వద్దు, మళ్ళీ ఆడతా అనాలి. ఓడినవాడు అడిగితే చెల్లదు, వస్తాదు అడిగినా చెల్లదు.

“మాణిక్‌ను నువ్వే అడగాలె. గోదా ముందట గాదు, ఇంటికి పొయ్యి. ఒప్పుకున్నడంటే నేను మళ్ళ పెడ్త, ఈసారి చేతులు ఎనకకు కట్టేసుకుంట.”

మాణిక్ అప్పటికే మిల్లు పని మానేసి భోకర్ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు లింగమూర్తికి కనపడలేదు. సిగ్గుపడి ఉంటాడు. లింగమూర్తి వెంటనే భోకర్ వెళ్ళలేదు. గెలుపు అడుక్కోవడానికి వచ్చాడని అనుకుంటాడేమోనని ఒక భయం. వానలకు ముందు టార్పాలిన్ల పని, వానల తరవాత రిపేర్ల పని. అట్లా రెండేళ్ళు దాటాయి.

డెబ్భై ఎనిమిదిలో అలీ, స్పింక్స్ అనే కుర్రవాడి చేతిలో ఓడిపోయాడు. ఏడు నెలలకే మళ్ళీ అతనితోనే ఆడి గెలిచాడు. పత్రికలో అది చూసిన రోజు లింగమూర్తి మిషన్ మీద గుడ్డ కప్పాడు.

“చూసినవా,” అన్నాడు వత్సలతో, “ఓడగొట్టినోడే మళ్ళ ఆడిండు. అడిగితే తప్పేముంది?”

“నేనెప్పుడు తప్పన్న? మూడేండ్లాయె, అడుగు అని నేనే అంటున్న. పో. ఇయ్యాలనే పో.”

భోకర్ బస్సెక్కాడు. మాణిక్ మార్కెట్ యార్డులో ఉన్నాడని చెప్పారు. వెళ్ళి చూస్తే, పత్తి బోరాలు మోసే ఇరవై మంది హమాలీలకు పెద్దగా ఉన్నాడు. అతను చెయ్యి చూపిస్తే బోరా కదులుతోంది. లింగమూర్తిని చూడగానే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“దా అన్నా. ఇన్నేండ్లకు యాదొచ్చిన్నా?”

పక్కనున్న ముసలి హమాలీ, పేరు మారోతి, లింగమూర్తిని ఎగాదిగా చూసి, “మా మాణిక్ జాతరల గెలిచినోడు, తెలుసా? పసుపు పడ్డ మనిషి. అందుకే యార్డుల పెద్దను జేసినం. మాకు కొట్లాటలొస్తే ఈయన మాటే మాట” అన్నాడు.

మాణిక్ నేల చూశాడు. ఎదురుగా ఉన్నది ఆ ఓడిన మనిషే అని మారోతికి చెప్పలేదు. లింగమూర్తీ చెప్పలేదు.

“ఏమన్న పని మీదొచ్చినవా అన్నా?” అన్నాడు మాణిక్. అతనికి తెలిసే అడిగినట్టుంది.

“పనే. ఒక మాట అడగాలె.” లింగమూర్తి బోరాల వైపు, మాణిక్ చెయ్యి కోసం చూస్తున్న హమాలీల వైపు చూశాడు. “ఇప్పుడు నీకు తూకాలు నడుస్తున్నయి. మంగళారమొచ్చి అడుగుత.”

“మంగళారం బజారు. జల్ది రా, ఇంట్ల తిందువు.”

ఆ మంగళవారం వెళ్ళాడు. మాణిక్ ఇంట్లో జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాడు, మాణిక్ తల్లి కాశీబాయి మోకాళ్ళ నొప్పుల గురించి చెబితే విన్నాడు, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాడు. ఆ తరవాత కూడా చాలాసార్లు వెళ్ళాడు, అడగాల్సిన మాట మాత్రం ప్రతిసారీ వచ్చే మంగళవారానికి జరిగేది. యార్డు టార్పాలిన్లన్నీ అతనే కుట్టాడు. మాణిక్ చెల్లెలి పెళ్ళికి పందిరి గుడ్డ కుట్టి, నిలబడి కట్టించాడు. మార్గశిరం వచ్చినప్పుడల్లా శంకర్రావు, “ఏమన్నడు మాణిక్?” అని అడిగేవాడు.

“ఇంక అడగలే వస్తాద్. అడగాలె.”

ఎనభై నాలుగు వానాకాలంలో కూడా అదే అన్నాడు. అప్పుడు అతని ఒంట్లో బాగుండడం లేదు. మంచం మీద నుంచే వత్సలతో, ఇస్త్రీ చొక్కా తీసి పెట్టు, మంగళవారం భోకర్ పోయేదుంది అన్నాడు. ఆమె తీసి దండెం మీద వేసింది, అది అక్కడే ఉండిపోయింది.