షాహిదా గారు రెండుసార్లు గీసిన ముఖం

కిందటి వారం పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన దూదిని లవంగనూనెలో ముంచి పంటి మీద పెట్టారు. ఆ ఘాటుకు నొప్పి సంగతి మరిచిపోయి, గాజు కిటికీల మీద బొమ్మలు గీసే షాహిదా గారిని తలచుకున్నాను. గాజు మీద వేసే రంగుపొడిని ఆవిడ లవంగనూనెతో కలిపేవారు. మార్టూరులో మూతపడిన ఒక గ్రానైట్ పాలిషింగ్ షెడ్డును అద్దెకు తీసుకుని ఆవిడ పనిచేసిన ఆరేళ్ళూ, ఆ వాసన నా చొక్కాలకు పట్టే ఉండేది.

అప్పటికే నాకు కిటికీ అద్దాలు కోసే దుకాణం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. గాజంటే నాకు కొలత, కోత, అంతే. ఆవిడది వినుకొండ దగ్గర మిరప పండించే కుటుంబం. నేను రంగు గాజును ముక్కలుగా కోసి ఇస్తే, వాటి మీద సన్నటి కుంచెతో బొమ్మ గీసి, కరెంటు కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో అతికించి కిటికీ చేసేవారు. మొదటి రోజే ఒక ముక్క అంచు వంకరపోయింది. పట్టీ కింద దాగిపోతుంది, ఎవరికీ కనపడదులెమ్మన్నాను. "మనిద్దరికీ కనపడిందిగా అండీ" అని నవ్వి, ఇంకో గాజు నా చేతికిచ్చారు.

ఒక ఆసుపత్రి వాళ్ళు కాన్పుల వార్డు వరండాకు పెద్ద కిటికీ చేయమన్నారు. ఆవిడ పత్తి తీసే ఆడవాళ్ళను గీద్దామనుకున్నారు. మధ్యలో నిలబడే మనిషికి మా అమ్మ ముఖం కావాలన్నారు. తన ముఖంలో ఏముందని గొణుగుతూనే అమ్మ మూడు పొద్దులు వచ్చి కూర్చుంది. బిగించడానికి నాలుగు రోజులుందనగా, కొలిమిలో కాల్చిన ఆ ముఖం గాజును బల్ల మీదికి మారుస్తుంటే నా చేయి జారింది. గాజు మూడు ముక్కలైంది. షాహిదా గారు వచ్చేసరికి, గాలికి తలుపు కొట్టుకుని బల్ల కదిలిందని చెప్పాను. ఆవిడ పాత చిత్తు బొమ్మ చూసి మళ్ళీ గీయడం మొదలుపెట్టారు.

మరునాడు మధ్యాహ్నం దాకా, గీస్తున్న ఆవిడ వంగిన వీపును చూస్తూ ఉన్నాను. ఇక దాచడం నా వల్ల కాలేదు.

"తలుపు కాదు మేడం. నా చేయే జారింది."

ఆవిడ కుంచె కింద పెట్టారు. తిడతారనుకున్నాను.

"అయితే నేనూ ఒకటి చెప్పాలి శ్రీను గారూ. పగిలిన ఆ ముఖం నాకు నచ్చలేదు. మీ అమ్మగారు మూడు రోజులూ నన్ను నవ్విస్తూనే ఉన్నారు. నేనేమో కష్టం ఒక్కటే గీశాను. గడువు దగ్గరపడిందని నోరు మూసుకున్నాను."

అంతవరకూ గీసినదాన్ని గుడ్డతో తుడిచేసి, అమ్మను పిలవమన్నారు. అమ్మ వచ్చి ఊళ్ళో పెళ్ళి కబుర్లు చెబుతుంటే, ఆవిడ నవ్వుతూనే గీశారు. ఈసారి గీసినది అచ్చం మా అమ్మే. ఏదో అనబోతున్నట్టు నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

కిటికీ బిగించాక అమ్మను తీసుకెళ్ళి చూపించాను. పసిబిడ్డను ఎత్తుకున్న ఒకామె బొమ్మనూ అమ్మనూ మార్చి మార్చి చూసి, మీరేనా అని అడిగింది. "నేనేనమ్మా. కొంగు ఒడిలో పత్తి మాత్రం తక్కువ వేశారు" అంది అమ్మ. పక్కనే ఉన్న షాహిదా గారు కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు.

షాహిదా గారు చనిపోయి రెండేళ్ళయింది. ఆ తర్వాత నేనూ కుంచె పట్టాను. నా గీత ఇంకా మొరటే. కానీ పని చెడినప్పుడు, నా వల్లే చెడిందని వెంటనే చెప్పేస్తున్నాను. చెప్పేశాక భయం ఉండదు. మళ్ళీ చేయడానికి చేతులు ఖాళీ అవుతాయి.