మూడో వ్యాసం

ఆ విశ్వవిద్యాలయం పత్రిక ఆఫీసులో ఆవిణ్ణి అందరూ టిక్కులావిడ అనేవారు. పరిశోధన వ్యాసం చివర ఏ సంగతి ఏ పుస్తకంలో, ఏ పేజీలో ఉందో చెప్పే ఆధారాల జాబితా ఉంటుంది కదా, దాన్ని సరిచూడటమే ఇరవై ఆరేళ్లుగా ఆవిడ పని. సరిచూడటమంటే కుర్చీలో కూర్చుని తలూపడం కాదు. నిచ్చెనెక్కి పుస్తకం దించాలి, దుమ్ము దులపాలి, ఆ పేజీ తీసి వాక్యం మీద వేలు పెట్టాలి. అప్పుడే ఎడమ పక్క పెన్సిలుతో టిక్కు. పుస్తకం దొరక్కపోతే "చూడలేదు" అని రాసేది. ఒకసారి సాక్షాత్తూ వైస్ ఛాన్సలర్ వ్యాసానికే తొమ్మిది చోట్ల "చూడలేదు" అని రాసిన మొండిఘటం.

భర్త అక్కడే మట్టి గురించి పాఠాలు చెప్పిన మేష్టారు. నలుగురిలో నోరు విప్పని మనిషి. బతుకంతా కలిపి రెండే వ్యాసాలు అచ్చువేశాడు. చవుడు నేలల్ని బాగుచేయడం మీద మూడోది రాయాలని పదకొండేళ్లు పొలాల వెంట తిరిగి డబ్బాల్లో మట్టి పోగేశాడు. "ఇంకొక్క పంట చూసి రాస్తానే" అంటూనే జబ్బుపడి కన్నుమూశాడు.

తర్వాత కొన్నాళ్లకు పత్రికకు కొత్త సంపాదకుడు వచ్చాడు. "అవతల ఏఐ నిమిషంలో వ్యాసం రాసిపెడుతోంది, మనం ఇంకా నిచ్చెనలెక్కుతూ కూర్చుంటే ఎలా అమ్మా?" అని జాబితాకు రెండు రోజులే గడువు పెట్టాడు. యంత్రం సాయం తీసుకున్నవాళ్లు ఆ సంగతి చెప్పాలన్న నియమం ఉండనే ఉంది. ఫారంలో "తీసుకోలేదు" అన్నచోట గీత గీస్తే సరి, నిజమా అని అడిగే నాథుడు లేడు.

అలా వచ్చిందే ఒక ప్రొఫెసర్ గారి వ్యాసం. ప్రమోషన్ తొందరలో ఉన్నాయన. జాబితాలో నలభై మూడో వరసలో ఆవిడ భర్త పేరు! చవుడు నేలలకు ఎకరానికి ఎంత జిప్సం వేయాలో చెప్పే వ్యాసమట. ఆయన రాయాలనుకున్నదే. సంవత్సరం చూస్తే ఆయన మంచం పట్టిన ఏడు. చెంచా పట్టుకోలేని మనిషి కలం ఎలా పట్టాడు? ఆవిడేం వెర్రిది కాదు, ఆ అనుమానం ఆవిడకూ వచ్చింది. కానీ జబ్బుకు ముందే పంపాడేమో, అచ్చయ్యాక చెబుదామనుకున్నాడేమో అని మనసు పీకింది. అది అచ్చయిందన్న పత్రిక ఆ ఏటి సంచికలు లైబ్రరీకి రాలేదు. "చూడలేదు" అని రాయాలి. సొంత మొగుడి పేరు పక్కన ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. టిక్కు పెట్టింది. ఆ వరసను పదిసార్లు చదువుకుని మురిసిపోయింది కూడా.

మూడేళ్లు గడిచాయి. ఒకరిని చూసి ఒకరు ఆ మూడో వ్యాసాన్ని తమ జాబితాల్లోకి ఎత్తుకున్నారు. ఒక్కడూ తెరిచి చూసిన పాపాన పోలేదు. ఆయన నిజంగా రాసిన రెండింటినీ మాత్రం ఎవరూ తలుచుకోలేదు.

ఒక మధ్యాహ్నం పరిశోధన చేసే అమ్మాయి ఒకతె ఆవిణ్ణి వెతుక్కుంటూ వచ్చింది.

"మేడమ్, చవుడు నేలల వ్యాసంలో మీ సార్ చెప్పారని అందరూ రాస్తున్న లెక్కతోనే జిప్సం వేశాను. రెండు పంటలూ పోయాయి. నా రెండేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే. సార్ ఎక్కడో పొరపాటు పడ్డారు. ఆ వ్యాసం మీ దగ్గరైనా ఉందా?"

ఆవిడకు మొగుడి మాట గుర్తొచ్చింది. ఏ నేల మందు ఆ నేలకే అనే మనిషి అన్ని పొలాలకూ ఒకే లెక్క చెబుతాడా?

"ఆయన తప్పు రాయలేదమ్మా. అసలు రాయనే లేదు. చూడకుండా టిక్కు పెట్టింది నేను."

అదే మాట కాగితం మీద రాసి, సంతకం పెట్టి సంపాదకుడికిచ్చింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? వ్యాసం రాసిన ప్రొఫెసరే నోరెత్తడం లేదు" అని ఆయన విసుక్కున్నాడు. ప్రొఫెసర్‌కు అప్పటికే ప్రమోషన్ వచ్చేసింది. అడిగితే "లేని వ్యాసాన్ని ఏఐ పుట్టించింది, మీ ఆఫీసు టిక్కు పెట్టింది. మధ్యలో నేనేం చేశాను?" అని దులుపుకున్నాడు. కానీ ఆ అమ్మాయి ఊరుకోలేదు, పైవాళ్లకు ఫిర్యాదు చేసింది. ఇక పత్రికలో సవరణ వేయక తప్పలేదు.

అచ్చుకు వెళ్లే ముందు ఆ పేజీ ఆవిడ బల్ల మీదికి వచ్చింది. ఆవిడ భర్త పేరు పూర్తిగా వేసి, "వీరి వ్యాసం నమ్మదగినది కాదని తేలినందున ఈ ఆధారాన్ని తొలగిస్తున్నాము" అని రాశారు. యంత్రం ఊసు లేదు, ప్రొఫెసర్ పేరు లేదు, ఆవిడ టిక్కు సంగతీ లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడింది.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని సంపాదకుడి గదిలోకి వెళ్లింది.

"అసలు వ్యాసమే లేదని వేయండి బాబూ. నమ్మదగినది కాదంటే ఆయన దొంగలెక్కలు రాశాడనే కదా? తప్పు నాది. నా పేరు వేయండి. నన్ను ఇంటికి పంపేసినా సరే."

"ప్రొఫెసర్ గారి పేరు వేస్తే కోర్టుకెక్కుతారు. మీ పేరు వేస్తే పత్రిక పరువు పోతుంది." ఆయన గొంతు తగ్గించాడు. "మేష్టారంటారా, పోయిన మనిషి. ఆయనకిప్పుడు ఉద్యోగం పోవాలా, ప్రమోషన్ ఆగాలా అమ్మా?"

సంచిక ఆ వాక్యంతోనే మర్నాడు పొద్దున్నే అచ్చుకు వెళ్లిపోయింది.