మేస్త్రీ కాలు

నా భర్త పోయి తొమ్మిది నెలలైంది. ఏడాది తిరిగేదాకా నేను శుభకార్యాలకు పోకూడదని మా వాళ్ల నియమం. ఆ మాట ఎవరూ కటువుగా అనలేదు. లత్తేరిలో జరిగే పెళ్లికి మా ఆడబిడ్డ పత్రిక తెచ్చింది. దాన్ని నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, "నీకు తెలియనిది ఏముండాది వదినా" అని వెళ్లిపోయింది. నిజానికి నాకది హాయిగానే ఉంది. ఇంట్లో చదవని పుస్తకాలు చాలా ఉన్నాయి.

నాకు చిరాకు తెప్పించింది వేరొకటి. పెళ్లికి పనికిరాని మనిషి ఆస్పత్రికి మాత్రం బాగా పనికొస్తుందని గుడియాత్తంలో మా వీధి మొత్తం కనిపెట్టింది.

మా ఆయన జబ్బు పద్నాలుగు నెలలు నడిచింది. వారం వారం వేలూరులో ఒక ఆస్పత్రికి పోయేవాళ్లం. ఏ చీటీ ఏ కిటికీలో ఇవ్వాలి, రక్తం తీసే గది ముందు ఏ వేళకు వరస తక్కువగా ఉంటుంది, ఏ అంతస్తులో తాగే నీళ్లు దొరుకుతాయి, ఇవన్నీ అప్పుడు నేర్చుకున్నాను. కష్టం మనిషికి లోతునిస్తుందని చాలా పుస్తకాల్లో చదివాను. నాకు మాత్రం ఒక ఆస్పత్రి దారులు నేర్పింది, అంతే. ఆ దారులు మరిచిపోదామని నేను చూస్తుంటే, వెనక వీధి మేస్త్రీ భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేస్తుంది.

"అక్కా, మా ఆయన కాలికి మేకు గుచ్చుకున్నింది. షుగరు గదా, మానడం లేదు. వేలూరికి పిలుచుకొని పో అక్కా."

"నేనెందుకు? నువ్వు పో."

"నాకు ఆడ ఏం తెలుసు? వాళ్లు రాసిచ్చే కాయితం జూస్తేనే కళ్లు తిరుగుతాయి. నీకైతే అంతా తెలుసు. ఎట్లాగూ నువ్వు యాడికీ పోయే పని లేదు గదా."

చివరి మాటలో దురుద్దేశం లేదు. గురువారం పొద్దున మేస్త్రీని బస్సెక్కించాను.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పుండు కడిగి, చూసి, సూటిగా చెప్పింది. రెండు వారాలు ఆ పాదం నేల మీద మోపకూడదు. ప్రతి గురువారం వచ్చి చూపించాలి. మానే గుర్తు కనపడకపోతే చీలమండ పైనుంచి తీసేయాలి.

మేస్త్రీ శ్రద్ధగా విని అడిగాడు. "నేల మీద మోపగూడదు, సరేమ్మా. సారం మీద మోపొచ్చునా?"

సారం అంటే గోడ పక్కన కట్టే పరంజా. అతను హాస్యానికి అడగలేదు.

బస్సులో మాత్రం మెల్లగా అన్నాడు. "కాలు లేని మేస్త్రీని ఎవురు పిలుస్తారమ్మా?" నలభై ఏళ్లుగా గోడలు కట్టినవాడు. కాలు పోతే తనకు ఏం పోతుందో అతనికి తెలుసు. తెలిసి కూడా మూడో రోజే కాలికి ప్లాస్టిక్ సంచి కట్టుకొని టీ అంగట్లో కనిపించాడు. రెండో గురువారం డాక్టరు కట్టు విప్పితే దూది మీద సిమెంటు పొడి ఉంది. ఆమె అతన్ని వదిలేసి నన్ను చూసింది.

"ఇంట్లో మీరు చూసుకోరా?"

"నేను వాళ్ల ఇంటి మనిషిని కాదు."

"అయితే ఇంటి మనిషిని పంపండి. ఇంకొక్క వారం చూస్తాను. ఆ తరవాత నా చేతిలో లేదు."

మా ఆయన డాక్టర్లు చెప్పినవన్నీ చేశాడు. ఒక్క మాత్ర తప్పలేదు. ఉప్పు మానేశాడు, మెట్లెక్కడం మానేశాడు. ఆయన పోయాడు. ఈ మనిషి చెప్పింది ఒక్కటీ చెయ్యడు, ఇతని కాలికి ఇంకా వారం గడువు దొరికింది. ఇది సరికాని ఆలోచనని తెలుసు. తిరుగు ప్రయాణమంతా అదే ఆలోచించాను.

ఆదివారం పొద్దున మేస్త్రీ భార్య పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా, ఈ పొద్దు స్లాబు వేస్తా ఉండారంట. నేను నీళ్లకు పోయి వచ్చేలోపల పోయినాడక్కా."

స్లాబు పడే ఇల్లు రెండు వీధుల అవతల. కాంక్రీటు కలిపే మిషనుకు పసుపు, కుంకుమ పెట్టారు. మామిడాకులు కట్టారు. టెంకాయ కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు. మేస్త్రీ పైన స్లాబుకు పరిచిన రేకుల మీద, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి సంచితో, చేతులూపుతూ నిలబడి ఉన్నాడు. ఇల్లు కట్టిస్తున్న ఇంటాయన నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. వాళ్ల అమ్మ గబగబా ఎదురొచ్చింది.

"ఏమ్మా, నువ్వు... ఇట్లాంటి పొద్దు..."

"తెలుసు అత్తా. మేస్త్రీ దిగితే పోతాను. దిగకపోతే లోపలికొచ్చి, టెంకాయ కొట్టేది చూసే పోతాను."

ఆ నియమాన్ని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మనిదాన్ని ఇలా వాడుకోవడం సిగ్గుగానే ఉంది. కానీ డాక్టరు మాటకు లేని బలం దానికుంది.

"మేస్త్రీ, దిగప్పా! సీక్రం దిగు!" ఇంటాయన అరిచాడు.

"ఏందమ్మా ఇది, మంచి పొద్దున వచ్చి నిలబడినావే! న్యాయమా నీకు?" పైనుంచి మేస్త్రీ.

"న్యాయం కాదు. దిగు."

"నేను దిగితే మట్టం ఎవురు చూస్తారు? వీళ్లకు కళ్లుండాయా?"

"కింద కూర్చొని అరుచుకో. కాలే గదా చెడింది, నోరు బాగానే ఉండాది."

కూలీలు నవ్వారు. వాళ్లలో ఒకామె తట్ట దించి, "దిగు మామా, ఆ యమ్మ అడుగు లోపల పెట్టిందంటే నీ కాలుతో పాటు మా పనీ పోతుంది" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను తెచ్చిపెట్టుకున్నదే. ఇద్దరు మగవాళ్లు అతన్ని భుజాల మీద దించి ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టి, కాలు స్టూలు మీద పెట్టారు. మధ్యాహ్నం దాకా అక్కణ్ణించే అరిచి పని చేయించాడు. నేనూ అదే అరుగు చివర కూర్చున్నాను. అతన్ని నమ్మి ఇంటికెళ్లే ధైర్యం లేదు. అంతసేపట్లో అతను నాతో మాట్లాడింది ఒక్కసారే. "నీళ్లు ఇటు జరుపు."

సోమ, మంగళ, బుధవారాలు పూటపూటా పోయి చూశాను. పడుకొనే ఉన్నాడు, నన్ను చూడగానే గోడవైపు తిరిగేవాడు.

గురువారం డాక్టరు కట్టు విప్పుతుంటే నేను కాలు చూడలేదు, ఆమెనే చూశాను. ఆ ఆస్పత్రిలో చెడ్డ మాట చెప్పే ముందు డాక్టర్లు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. ఈమె నిలబడే ఉంది.

"ఎర్ర కండ వస్తోంది. చిటికెన వేలు దక్కదు, మంగళవారం తీసేస్తాం. పాదం ఉంటుంది."

"వేలు పోతే పోనీమ్మా, అది ఎట్లాగూ పనిజేసింది లేదు," అన్నాడు మేస్త్రీ. "అయితే బుధవారం పనిలోకి పోవచ్చునా?"

నేను అరిచాను. ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు. గాడిద అన్నట్టు గుర్తు. నర్సు తలుపు తోసుకొచ్చి, "అమ్మా, సత్తం పోడాదీంగ" అని అరవంలో గద్దించి నా నోరు మూయించింది. పద్నాలుగు నెలలు ఆ వరండాల్లో తిరిగి ఒక్కసారీ గొంతెత్తలేదు. అప్పుడు అరవడానికి ఎవరూ దొరకలేదు. ఈ మనిషి మీద అరవొచ్చు. ఇతను బుధవారం కాకపోయినా ఒకరోజు నడుస్తాడు. ఆశ అనే మాట రాయడానికి నాకు మొహమాటం. ఆ గదిలో నాకు కలిగింది కోపమే. కాని అది రేపటి సంగతి మీద వచ్చిన కోపం. అలాంటిది వచ్చి చాలా రోజులైంది.

బయటికొచ్చి అతని భార్యకు ఫోన్ చేశాను. పాదం ఉంటుందని చెప్పాను.

"అన్నం తిన్నారా అక్కా?" అంది, కంపెనీ మిషన్ల చప్పుడు మధ్య.

బస్టాండు దగ్గర భోజనానికి కూర్చున్నాం. అన్నం వడ్డించకముందే తీపికని ఆకులో కేసరి వేశారు. మేస్త్రీ నా వైపు ఒకసారి చూసి, మెల్లగా చెయ్యి పెట్టబోయాడు. దాన్ని అతని ఆకులోంచి తీసి నా ఆకులో వేసుకొని, అతను చూస్తుండగానే మొత్తం తినేశాను.