చెవుల పరీక్షలో కనుబొమ్మల కాపీ

ముందే చెప్తున్న, మధ్యల నవ్వితె చాయ్ పైసలు మీయే! మొన్న మంగళారం మా బాపుకు చెవులు ఇనవడయని సర్టిఫికెట్ తెద్దామని పోయి, జరయితె ఊరందరి కంటె ఆయనకే మంచిగ ఇనవడ్తదని రాయించుకొచ్చేటోన్ని. అంత నా మొఖం చేసిన పని. మొఖం అంటె నిజంగ మొఖమే, ఇనుండ్రి.

మా బాపు ముప్పై ఏండ్లు సాంచలు, అంటె బట్ట నేసే కరెంటు మగ్గాలు, నడిపిండు. కార్ఖానల ఒక్క సాంచ నడిస్తెనే పక్కోని మాట ఇనవడది, ఇరవై సాంచలు ఒక్కపారి నడిస్తె ఇగ చెప్పేదేముంది? ఉన్న చెవులు దానికే పోయినయ్. పోయినేడు రోడ్డు మీద ఎనుకనుంచి లారీ హారన్ కొడితె పక్కకు జరగలే. డ్రైవర్ దిగొచ్చి చెయ్యి పట్టి గుంజిండు గాబట్టి బతికిండు. అది తెల్సినంక కార్ఖాన ఆసామి "ఇగ ఇంటికాడ్నే ఉండు పెద్దమనిషీ" అన్నడు.

అప్పటిసంది బాపుది ఒక్కటే పట్టు. "నా చాయ్ నేను తాగాలె. కోడలి దగ్గర చెయ్యి చాప." అంటె పింఛన్ కావాలె. పింఛన్ కావాలంటె సదరం సర్టిఫికెట్, అదే సర్కారు ఇచ్చే వికలాంగుల చీటి, కావాలె. చెవులకైతె ఇనవడని పర్సంటేజీ సగం దాటాలెనని మీసేవ పిలగాడు చెప్పిండు.

ఇది రెండోసారి పోవుడు. మొదటిసారి స్లాట్ బుక్ చేసుకొని, ఆధార్, ఫొటోలు, పాత చీటీలు అన్ని సంచిల పెట్టుకొని బస్సెక్కి కరీంనగర్ పెద్ద దవాఖానకు పోయినం. పొద్దుగూకే దాక కూసున్నం. పేరు పిలువనే లే! ఆఖరికి అటెండర్‌ను అడిగితె, "మూడుసార్లు పిలిచిన, యాడికి పోయిండ్రు?" అన్నడు. నాకు మండింది. "మా బాపుకు ఇనవడది సరే, నాకేమైంది? నువ్వు పిలిస్తె నేను ఇననా?" అని వరండ వరండ జమయ్యేటట్టు కొట్లాడిన. కొట్లాడితె ఏమైతది? స్లాట్ పోయింది, మళ్ల మూడు నెలలు ఆగినం.

అందుకే గీసారి అటెండర్ ఎదురుంగనే, ఆయన మొఖం చూసుకుంట కూసున్న. పేరు పిలువంగనే లేసిన.

లోపల డాక్టర్ సార్ అడుగుడు మొదలువెట్టిండు. పేరేంది, ఎన్నేండ్లు, ఏం పని చేసేది? బాపు అన్నిటికి టకటక జవాబు చెప్పిండు. సార్ నా దిక్కు అదోలెక్క చూసిండు.

"ఇంత మంచిగ వింటున్నడు గదా?"

"ఇంటలేడు సార్! మీ పెదవులు చూసి చెప్తుండు. కార్ఖానల అందరికి అదే అలవాటు."

సార్ ఫైలు మూతికి అడ్డం పెట్టుకొని, "పొద్దున ఏం తిన్నవు పెద్దాయనా?" అని అడిగిండు.

"నాలుగు సాంచలు సార్," అన్నడు బాపు.

సార్ నవ్వి, "సరే, మిషన్ ఏం చెప్తదో చూద్దాం. మిషన్ అబద్ధం చెప్పదు" అని పక్క రూముకు పంపిండు.

ఆడ ఒక అద్దాల గది. బాపును లోపల కూసోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చిండ్రు. కుయ్యిమని సౌండ్ ఇనవడ్తె నొక్కాలె, అంతే. టెస్ట్ చేసే మేడం బయట మిషన్ ముంగట బాపుకు ఎదురుంగ కూసున్నది. నేను మేడం ఎనుక నిలవడ్డ. ఆమె సౌండ్ ఇచ్చినప్పుడల్లా మిషన్ మీద చిన్న లైటు ఎలుగుతుంది.

గిప్పుడు మీకు మా కార్ఖాన సంగతి ఒకటి చెప్పాలె. ఆ మోతల నోరు పనిచెయ్యది, మొఖమే పనిచేస్తది. బాపు అటు మొఖాన, నేను ఇటు మొఖాన పన్నెండేండ్లు నడిపినం. ఆయన సాంచ మీద పోగు తెగితె నేను కనుబొమ్మ లేపుత, ఆయన టక్కున సాంచ ఆపుతడు. నా సాంచ మీద తెగితె ఆయన లేపుతడు. పన్నెండేండ్ల అలవాటు, అడిగి వస్తదా?

లైటు ఎలిగింది. నా కనుబొమ్మ లేసింది. బాపు నొక్కిండు. మళ్ల ఎలిగింది, మళ్ల లేసింది, మళ్ల నొక్కిండు. నా మొఖం ఏం చేస్తుందో నాకే తెల్వదు! పైకెల్లి 'అబ్బ, బాపు ఎంత మంచిగ చేస్తుండు' అని మనసుల మురుస్తున్న. పరీక్షల మంచిగ రాస్తె ఫెయిలయ్యే పరీక్ష ఇదని మతిల లేకపాయె.

మేడం సౌండ్ తగ్గించుకుంట పోయింది. బాపు ఒక్కటి తప్పలే. ఆమె పెన్ను తీసి, "మీ నాన్నకు దోమ తిరిగినా వినిపిస్తుంది. ఎందుకు తీసుకొచ్చిండ్రు? నార్మల్ అని రాస్తున్న" అన్నది.

పింఛన్ పాయె, బాపు చాయ్ పాయె! "మేడం, మీ కాళ్లు మొక్కుత! లారీ హారన్ ఇనవడలే ఈయనకు! ఇంకొక్కపారి చూడుండ్రి!"

మంచిది ఆమె. సరేనని మళ్ల మొదలువెట్టింది. ఈసారి మిషన్ చూడలే, బాపును చూసింది. బాపు చూపు ఆమె తల మీదికెల్లి ఎనుకకు పోతుంది. ఆమె గిర్రున తిరిగింది. నా కనుబొమ్మలు రెండు నెత్తి మీదున్నయ్.

"ఇక్కడ అందరు వినపడనట్టు యాక్టింగ్ చేస్తరు. వినపడేటట్టు యాక్టింగ్ చేయించినోన్ని నిన్నే చూసిన! బయటికి నడువ్!"

వరండల గోడ దిక్కు మొఖం పెట్టి నిలవడ్డ. ఇటు తిరిగితె మళ్ల కనుబొమ్మ లేస్తదని భయం. ఎంతసేపైందో, ఒక ముసలవ్వ నా డొక్కల పొడిచింది. "ఓ కొడుకా, గా మేడం గొంతు చించుకుంటుంది, ఇనవడ్తలేదా?"

తిరిగి చూస్తె మేడం తలుపుకాడ నిలవడ్డది. కోపంగ లేదు. "మీ నాన్నది అయిపోయింది. సగం దాటింది, ఫికర్ చెయ్యకు" అన్నది. నా పానం లేచొచ్చింది. "గాని నిన్ను నాలుగుసార్లు పిలిచిన. నువ్వెన్నేండ్ల సంది సాంచలు నడుపుతున్నవు? రా, కూసో."

"నాకేం లేదు మేడం, నాకు మంచిగ..."

"కూసో!"

కూసున్న. హెడ్‌ఫోన్లు, బటన్. మిషన్ నడుస్తుంది, చెవులల్ల మాత్రం నిశ్శబ్దం. నిజంగ భయమైంది. ఇంట్ల టీవీ సౌండ్ పెంచితె "బాపు కోసమే" అని నా భార్య మీద ఎగిరేటోన్ని. బాపు ఎన్నడు టీవీ దిక్కే కూసోడు!

తలెత్తి చూస్తె మేడం ఎనుక బాపు నిలవడ్డడు. నన్ను చూసి కనుబొమ్మ లేపిండు. నేను టక్కున నొక్కిన. మళ్ల లేపిండు, మళ్ల నొక్కిన. చదువుకునే రోజుల్ల ఒక్క లెక్క చెప్పలే గాని, గీ వయసుల కాపీ కొట్టిస్తుండు మా బాపు!

మేడం ఎనుకకు తిరగకుంటనే, "పెద్దాయనా, మీరు బయటికి పోవాలె" అన్నది. బాపుకు యాడ ఇనవడ్తది? ఇంకింత జోరుగ లేపబట్టిండు.

ఆఖరికి నాకు సర్టిఫికెట్‌కు సరిపోను లేదట గాని, తగ్గుడైతె తగ్గిందట. ఇయ్యాల్టి సంది చెవులకు అడ్డం పెట్టుకోకుంట కార్ఖానల అడుగు పెట్టొద్దని చెప్పింది.

పోయేటప్పుడు క్యాంటీన్‌ల చాయ్ తెచ్చి, బాపును ఎంటవెట్టుకొని పోయి, మొదటిసారి కొట్లాడిన అటెండర్ అన్న చేతిల పెట్టిన. "అన్నా, గారోజు నువ్వు నిజంగనే మూడుసార్లు పిలిచినవు. మాఫ్ చెయ్యి" అని సిగ్గుతోని తల దించుకున్న. ఆయన ఏదో అన్నడు. నాకు ఇనవడలే. తల దించుకున్న గదా, పెదవులు సుత చూడలే!

బస్‌స్టాండ్ కాడ ఆగలేక అడిగిన. "ఆయన ఏమన్నడు బాపు?"

బాపు నా మూతి చూసి చెప్పిండు. "మాఫ్ చేసిండురా. గాని దానికి ముంగట అన్నది నేను చెప్ప."